ఆ ముద్ద వాడే కలుపుకున్నాడు

మొన్న శుక్రవారం కూరగాయల బండి దగ్గర ఒకమ్మాయి నన్ను ఆపింది. మా వెనక వీధిలో కొత్తగా అద్దెకు దిగారు. చంకలో రెండేళ్ళ పాప. "అక్కా, మీ బాబుకి థెరపీ చేయించారటగా! ఏ సెంటర్లో? రోజుకి ఎంతసేపు చేస్తారు? ఎంత తీసుకుంటారు?" అని ఒక్క గుక్కలో అడిగేసింది. కళ్ళ కింద నల్లటి చారలు. ఎన్ని రాత్రులుగా నిద్ర లేదో ఆ ముఖమే చెబుతోంది.

అడ్రసు చెప్పేసి నా దారిన నేను రావచ్చు. కాని నోరు రాలేదు. ఎందుకంటే 2018లో నేను అడిగినవీ అచ్చం ఈ మూడు ప్రశ్నలే. ఏ సెంటరు, ఎంతసేపు, ఎంత ఫీజు... ఈ మూడూ తెలిస్తే చాలు, బిడ్డ గట్టెక్కుతాడనుకున్నాను. నాలుగో ప్రశ్న ఒకటుందని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళ సంగతి బండి దగ్గర నిలబడి చెప్పేది కాదు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. ఆ అమ్మాయి ఒక్కదాని కోసమే కాదు, అలాంటి ఇళ్ళు మన వీధుల్లో ఇంకెన్ని ఉన్నాయో!

ముందు కనిపెట్టింది అత్తయ్యే

మా వాడు 2017 జులైలో, నెలలు నిండకుండా 32వ వారంలోనే పుట్టాడు. బరువు 1,600 గ్రాములు. మూడు వారాలు అద్దాలపెట్టెలో ఉంచారు. ఇంటికి తెచ్చాక మా అత్తయ్యే నీళ్ళు పోసేది. పాతకాలం పద్ధతి. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి. ఆరు నెలలు దాటాక ఒకరోజు ఆవిడ, "అమ్మాయ్, వీడి కాళ్ళు కర్రల్లా బిగుసుకుంటున్నాయి. పెద్దదానికి ఇలా లేదు. బొటనవేలు కూడా పిడికిట్లోంచి బయటికి రాదు, చూశావా?" అంది.

నేను కొట్టిపారేశాను. డిగ్రీ చదివినదాన్ని కదా! "నెలలు తక్కువ పిల్లలు కాస్త ఆలస్యంగానే వస్తారు అత్తయ్యా" అన్నాను. అది అబద్ధమేం కాదు. ముందుగా పుట్టిన బిడ్డ ఎదుగుదల చూసేటప్పుడు, రెండేళ్ళు వచ్చేదాకా, ఆ తక్కువైన వారాలను వయసులోంచి తీసేసి లెక్క వేస్తారు. కాని అలా లెక్క వేసినా మా వాడు వెనకే ఉన్నాడు. ఏడాది దగ్గర పడుతున్నా ఆసరా లేకుండా కూర్చోలేదు. పిల్లల డాక్టరు చూసి, నరాల డాక్టరుకు పంపి, స్కాను తీయించాక చెప్పిన పేరు సెరిబ్రల్ పాల్సీ. బిడ్డ పుట్టకముందో, పుట్టేటప్పుడో, ఆ తర్వాత తొలి రోజుల్లోనో ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగిలితే కండరాల మీద అదుపు సరిగా కుదరదు. ఆ దెబ్బ రోజురోజుకీ పెరిగేది కాదు. అలాగని మందేస్తే మానిపోయేదీ కాదు. మా వాడికి కాళ్ళలో బిగువు ఎక్కువ, చేతుల్లో కొంచెం.

ఆ తర్వాత మొదలయ్యాయి పరామర్శలు. "గ్రహణం పూట బయటికొచ్చావా?" అని ఒకరు. "కడుపుతో ఉండి ఆ కథలేవో రాస్తూ అర్ధరాత్రి దాకా మేలుకునేది కదా, మరి అవదూ!" అని ఇంకొకరు, నాకు వినపడేలాగే. గ్రహణం మాట నవ్వేసి వదిలేశాను గాని, రెండో మాట మాత్రం గుండెలో ముల్లులా దిగింది. ఆ రోజు పక్కన పెట్టేసిన కలం మళ్ళీ పట్టలేదు. నెలలు నిండకుండా పుట్టడమే ఈ సమస్యకు పెద్ద కారణాల్లో ఒకటని డాక్టరు పదిసార్లు చెప్పినా, తల్లి మనసుకు నేరం తన నెత్తిన వేసుకోవడమే అలవాటు.

ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కాదు

డాక్టరు చీటీ మీద రెండు రాశారు. ఒకటి ఫిజియోథెరపీ, రెండోది ఆక్యుపేషనల్ థెరపీ. మా మావగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఏడాది పిల్లాడికి ఆక్యుపేషన్ ఏమిటమ్మా? గుమాస్తా ఉద్యోగం గానీ వేయిస్తారా?" అన్నారు. అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది.

ఇక్కడ ఆక్యుపేషన్ అంటే జీతం వచ్చే పని కాదు. మనిషి పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా తన కోసం, తన వాళ్ళ కోసం చేసుకునే ప్రతి పనీ. పసిపిల్లాడికైతే తినడం, నీళ్ళు పోయించుకోవడం, బట్టలు తొడుక్కోవడం, ఆడుకోవడం, నిద్రపోవడం. ఫిజియోథెరపీ ముఖ్యంగా శరీరం కదలిక, బలం, నడక చూస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ ఆ కదలికతో బిడ్డ తన రోజును ఎలా గడుపుకోగలడో చూస్తుంది. చెయ్యి ఎంత పైకి లేస్తోంది అనేది ఒక ప్రశ్న. ఆ చెయ్యి నోటిదాకా ముద్ద తీసుకెళ్తోందా అనేది ఇంకో ప్రశ్న. రెండూ కావలసినవే.

మన దేశంలో ఈ విద్యకు పాదు కట్టింది ఒక ఆడమనిషి అని తెలిసి నాకు ముచ్చటేసింది. ఆవిడ పేరు కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, మన దేశానికి కోడలిగా వచ్చి, బొంబాయి కెఇఎం ఆస్పత్రిలో 1950లో ఆక్యుపేషనల్ థెరపీ నేర్పే బడి పెట్టారు.

అద్దం అవతల నలభై అయిదు నిమిషాలు

మేం వెళ్ళిన సెంటర్లో వారానికి మూడు రోజులు, రోజుకి 45 నిమిషాలు. రెండు ఆటోలు మారాలి. తల్లులు బయట బల్లల మీద కూర్చోవాలి, లోపలికి రాకూడదు. "మీరుంటే బాబు గారం చేస్తాడు మేడం" అనేవారు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి తొంగి చూసేదాన్ని. రంగు రంగుల రింగులు, పెద్ద బంతి, నీలం చాప. నెల తిరిగేసరికి ఒక కాగితం చేతికిచ్చారు. ఇంటి దగ్గర చేయించాల్సినవి పదకొండు. ఒక్కొక్కటి పదేసి సార్లు, రోజుకు రెండు పూటలు.

నేను ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, దాన్నే వేదవాక్కుగా పట్టుకున్నాను. ఇంట్లో కూడా ఒక నీలం చాప కొన్నాను. వాడు ఏడ్చినా చేయించాను, నిద్ర కళ్ళతో ఉన్నా చేయించాను. ఎన్నిసార్లయిందో గోడ మీద గీతలు గీశాను. పెద్దది అప్పుడు ఒకటో తరగతి. "అమ్మా, కథ చెప్పవూ" అని వస్తే "తమ్ముడిది అవనీ" అనేదాన్ని. అది ఎప్పుడూ అయ్యేది కాదు. కొన్నాళ్ళకు అది అడగడమే మానేసింది.

ఇంకొన్నాళ్ళకు మరో సంగతి గమనించాను. నేను చాప పరుస్తుంటే వాడు పాక్కుంటూ వెళ్ళి మంచం కింద దూరేవాడు. వాళ్ళ నాన్న పిలిస్తే వచ్చేవాడు, నానమ్మ పిలిస్తే వచ్చేవాడు. నేను పిలిస్తే మాత్రం రాడు. నేను వాడికి అమ్మను కాదు, చాపను!

పోనీ ఇంత చేసినందుకు ఫలితమైనా ఉందా అంటే, ఉంది, లేదు. సెంటర్లో ఆరు రింగులూ కర్రకు గుచ్చేవాడు. రిపోర్టులో టిక్కులు పడేవి. ఇంట్లో మాత్రం అన్నం చేతికి తగిలితే చాలు, నిప్పు అంటుకున్నట్టు విదిలించేవాడు. పూటకి గంటసేపు గిన్నె పట్టుకుని వాడి వెనక తిరగడమే. మిక్సీలో మెత్తగా వేసి, నోరు తెరిచినప్పుడల్లా చెంచాతో పెట్టడమే. రెండున్నరేళ్ళు వచ్చినా అంతే.

ఫోన్లో మా వంటిల్లు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. సెంటరు మూతపడింది. ఇక నా కొడుకు పని అయిపోయిందని ఆ రాత్రి బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. వారం తర్వాత ఆ సెంటర్లో కొత్తగా చేరిన థెరపిస్టు అమ్మాయి వీడియో కాల్ చేసింది. పాతికేళ్ళుంటాయేమో. నేను గబగబా చాప పరిచి, కాగితం తెచ్చి, "మొదటిది మొదలుపెట్టమంటారా?" అన్నాను.

"అవన్నీ ఉండనీయండమ్మా" అంది ఆ అమ్మాయి. "ముందు ఒక్క సంగతి చెప్పండి. మీ ఇంట్లో రోజు మొత్తం మీద బాబుతో ఎక్కువ కష్టమయ్యే పని ఏది?"

అదే నాలుగో ప్రశ్న. రెండేళ్ళలో ఎవరూ అడగనిది. నాకు వెంటనే జవాబు కూడా తోచలేదు. "వాడు నడవాలి" అన్నాను. "అది పెద్ద కోరికమ్మా, దాని పని దానిదే. రేపు పొద్దున ఏది కాస్త సులువైతే మీకు ఊపిరి ఆడుతుంది?" అని మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పాను. అన్నం పెట్టడమని.

"అయితే రేపు మధ్యాహ్నం భోజనాల వేళ చేస్తాను. ఇంట్లో అందరూ ఉండండి. మీరు రోజూ ఎలా తినిపిస్తారో అలాగే తినిపించండి. ఫోను వంటింటి గట్టు మీద పెట్టండి" అంది.

నా ఇల్లు నాకే పరీక్ష హాలులా అనిపించిందా పూట. గంట తర్వాత ఆ అమ్మాయి తప్పులేం పట్టలేదు. ముందుగా అడిగింది మా అత్తయ్యని. "నానమ్మగారూ, మీ ఇంట్లో పిల్లలు చేత్తో తినడం ఎప్పుడు మొదలుపెడతారు? ఎలా నేర్పేవారు మీరు?" మా అత్తయ్య ఆశ్చర్యపోయి, తర్వాత సర్దుకుని అరగంట చెప్పింది. ఆ అమ్మాయి రాసుకుంది.

నాకు అప్పుడు తట్టింది. సెంటర్లో వాడికి చెంచా పట్టడం నేర్పుతున్నారు. మా ఇంట్లో చెంచాతో తినే మనిషే లేడు! మా ఇంట్లో తినడమంటే పప్పూ అన్నం వేళ్ళతో కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి తొయ్యడం. అది ఎంత నేర్పుతో కూడిన పనో, అది రాని బిడ్డ పక్కన కూర్చుంటే గాని తెలియదు.

పీట, తడిగుడ్డ, మరమరాలు

మొదట కూర్చోబెట్టే తీరు మార్చారు. వాడిని నేల మీద కాళ్ళు జాపి కూర్చోబెడితే, తొడల వెనక బిగువు వల్ల నడుము వెనక్కి వాలిపోయేది. పడిపోకుండా చూసుకోవడానికే చేతులు రెండూ చాలేవి కావు. ఇక తినేది దేంతో? అటక మీద మా అత్తయ్య పుట్టింటి పీటలు రెండున్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి తాడుతో బిగించి, గోడకు ఆనించి, దాని మీద కూర్చోబెట్టాం. మోకాళ్ళు వంగాయి, పాదాలు నేలకు ఆనాయి, నడుము నిలబడింది. ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు. దాని మీద తడిగుడ్డ పరిచి, అంచున్న కంచం. తడిగుడ్డ మీద కంచం జారదు. ఖర్చు? ఏమీ లేదు.

తర్వాత చేతి సంగతి. తడి, జిగురు తగిలితే వాడికి నిజంగానే భరించలేనట్టు ఉంటుందట. అది మొండితనం కాదు. బలవంతాన చెయ్యి పట్టి అన్నంలో ముంచితే భయం పెరుగుతుందే గాని తగ్గదు. అందుకని పొడి వాటితో మొదలు. ఏప్రిల్ అంతా గిన్నెలో మరమరాలు, అందులో దాచిన గోలీకాయ వెతకడం. అక్కాతమ్ముళ్ళ పందెం. మే నెలలో చపాతీ పిండి. అత్తయ్య చపాతీలు చేస్తుంటే పక్కన వాడికో చిన్న ఉండ. ఆ తర్వాత పొడిపొడిగా పులిహోర. చివరికి పప్పన్నం. పెరుగన్నం అన్నిటికన్నా ఆఖరు.

ఇంకో కిటుకు నేర్పింది. ఏ పనైనా చివరి మెట్టు నుంచి నేర్పడం. ముద్ద అత్తయ్యే కలిపి, వాడి చేతిలో పెట్టి, చెయ్యి నోటిదాకా తెచ్చి అక్కడ వదిలేయాలి. ఆఖరి అంగుళం మాత్రం వాడిది. అది వచ్చాక సగం దూరం. తర్వాత కంచంలోంచి ముద్ద తీసుకోవడం. ఆఖరున కలపడం. ఇలాగైతే ప్రతిసారీ పని వాడి చేత్తోనే పూర్తవుతుంది. "నేను తిన్నా" అనే సంతోషం వాడిదే అవుతుంది. నిక్కరు తొడుక్కోవడమూ అంతే. తుంటి దాకా మనం ఎక్కించి, ఆఖరు లాగుడు వాడికి వదిలేయాలి. వాళ్ళ నాన్న రోజూ స్నానం తర్వాత ఇదే చేశారు.

అత్తయ్య అలక

అంతా నల్లేరు మీద బండి నడకలా సాగిందనుకునేరు! మా అత్తయ్య మూడో రోజే అలిగింది. "కన్నతల్లి ఉండి, నానమ్మ ఉండి, పసివాడు మెతుకు కోసం తంటాలు పడటమేంటి? మీరు చదువుకున్నవాళ్ళు, మీ ఇష్టం. నేను మాత్రం చూడలేను" అని వరండాలోకి వెళ్ళి కూర్చుంది. నాకూ కోపం వచ్చింది. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.

థెరపిస్టు అమ్మాయితో ఫిర్యాదు చేశాను. ఆవిడ నా పక్షం మాట్లాడుతుందనుకున్నాను. మాట్లాడలేదు. అత్తయ్యకు ఫోను ఇమ్మని, "నానమ్మగారూ, బాబుకు కాళ్ళు బిగుసుకుంటాయని మొదట చెప్పింది మీరేనట కదా. స్నానం చేయించేటప్పుడు ఏం చేస్తే వదులయ్యేవి?" అని అడిగింది. "ఏముందమ్మా, గోరువెచ్చని నీళ్ళు పోసి, తుంటి దగ్గరా మోకాళ్ళ దగ్గరా మెల్లగా వంచేదాన్ని. వంచితే వదులవుతాయి. లాగితే ఇంకా బిగుస్తాయి" అంది అత్తయ్య. "మేం నాలుగేళ్ళు చదివి నేర్చుకున్నది అదే నానమ్మగారూ" అంది ఆ అమ్మాయి.

ఆ సాయంత్రం అత్తయ్య వరండాలోంచి లోపలికి వచ్చింది. ఒక ఒప్పందం కుదిరింది. మధ్యాహ్నం భోజనంలో మొదటి పది నిమిషాలు వాడివి. ఆ తర్వాత నానమ్మ గోరుముద్దలు పెట్టుకోవచ్చు. రాత్రి పూట పూర్తిగా నానమ్మదే. బిడ్డకు నేర్పడం ఎంత ముఖ్యమో, ఆవిడకు మనవడికి తినిపించుకునే ముచ్చట మిగలడమూ అంతే ముఖ్యమని నాకు అప్పుడు అర్థమైంది.

2021 సంక్రాంతి మర్నాడు, కనుమ. అత్తయ్య పప్పన్నం కంచంలో పెట్టి నెయ్యి గిన్నె కోసం లేచింది. తిరిగి వచ్చేసరికి వాడు అయిదు వేళ్ళూ అన్నంలో దించి కలుపుతున్నాడు. సగం స్టూలు మీద, పావు వంతు ఒళ్ళో. మిగిలింది ఎలాగో పిడికిట్లోకి తీసుకుని నోట్లో కుక్కుకున్నాడు. అత్తయ్య నెయ్యి గిన్నె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. "అమ్మాయ్, ఓసారి ఇలా రా" అని మెల్లగా పిలిచింది, గట్టిగా మాట్లాడితే వాడెక్కడ ఆపేస్తాడోనని. తొమ్మిది నెలలు పట్టింది ఆ ఒక్క ముద్దకి.

లెక్క వేసి చూస్తే

తర్వాత తీరిగ్గా లెక్క వేశాను. వారానికి మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున అంటే రెండుంపావు గంటలు. రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటాడనుకున్నా వారానికి 84 గంటలు. రెండుంపావు గంటలు ఎంత గొప్పగా నేర్పినా, మిగతా 82 గంటలు ఇంట్లో గడిచే తీరు మారకపోతే ఏం లాభం? పైగా పసి మెదడు నేర్చుకునేది తనకు పనికొచ్చే పనిని, అవసరమైన చోట, మళ్ళీ మళ్ళీ చేయడం వల్ల. రింగు గుచ్చడం వస్తే ముద్ద కలపడం దానంతటదే రాదు. ముద్ద కలపడం కలిపితేనే వస్తుంది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేం కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పోర్టేజ్ అనే చిన్న ఊళ్ళో 1969లోనే ఇలాంటి పద్ధతి మొదలుపెట్టారు. పల్లెల్లో దూరదూరంగా ఉండే పిల్లల్ని కేంద్రానికి రప్పించే బదులు, టీచర్లే వారానికోసారి ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులకు నేర్పేవారు. ఆ ఊరి పేరుతోనే ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. 2009లో ఆస్ట్రేలియాలో అయోనా నోవాక్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఆవిడ తోటివారు సెరిబ్రల్ పాల్సీ ఉన్న 36 మంది బడి వయసు పిల్లలతో చేసిన పరిశోధన వెలువడింది. కుటుంబాలే లక్ష్యాలు ఎంచుకుని, థెరపిస్టు సాయంతో ఇంట్లో చేశారు. చేసింది సగటున నెలకు 17, 18 సార్లు. ఒక్కోసారి 16, 17 నిమిషాలే. ఎనిమిది వారాల తర్వాత, అలాంటి కార్యక్రమం లేని పిల్లలతో పోలిస్తే వీళ్ళు మెరుగ్గా ఉన్నారని తేలింది. నేను గోడ మీద గీతలు గీస్తూ గంటలకు గంటలు చాప మీద కూర్చోబెట్టిన రోజులు గుర్తొచ్చాయి!

కుటుంబం అంటే అమ్మ ఒక్కతేనా?

ఇక్కడొక మెలిక ఉంది, జాగ్రత్త సుమా! "ఇంట్లోనే నేర్పాలి" అన్న మాట చాలా ఇళ్ళలో "అమ్మే నేర్పాలి" అని మారిపోతుంది. ఉన్న చాకిరీకి ఇంకో చాకిరీ తోడవుతుంది. బిడ్డ నేర్చుకోకపోతే ఆ తప్పూ ఆవిడదే. అది కుటుంబం నడిపే థెరపీ కాదు, థెరపీ పేరుతో ఇంకో బరువు.

ఒకరోజు ఆ అమ్మాయి అడిగింది, "అమ్మా, మీ ఆక్యుపేషన్ ఏమిటి?" అని. "నాదేముంది, హౌస్‌వైఫ్‌నే" అన్నాను. "అది కాదు. బాబు పుట్టకముందు మీ కోసం మీరు ఏం చేసుకునేవారు?" అంది. నేను మాట్లాడలేదు. పక్క నుంచి మా పెద్దది, "మా అమ్మ కథలు రాసేది" అంది. 'రాసేది' అనే ఆ మాట చెవిన పడ్డాక గొంతు పెగల్లేదు నాకు.

ఆ వారం నుంచి మా ఇంటి ప్రణాళికలో ఒక వరుస కలిసింది. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర, అమ్మ రాసుకునే వేళ. ఆ అరగంట స్నానం, నిక్కరు నాన్నవి. కథ చెప్పడం తాతయ్యది. ఆట అక్కది, అదీ దానికి ఇష్టమైతేనే. దాని హోంవర్కు దానికి ఉండాలి కదా! నాకు మిగిలింది వాడిని పక్కలో వేసుకుని జోకొట్టడం. మంచం కింద దూరే అలవాటు ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు.

వాడికిప్పుడు ఎనిమిదేళ్ళు దాటాయి. కాళ్ళకు స్ప్లింట్లు వేసుకుని నడుస్తాడు. మెట్లెక్కాలంటే పట్టు కావాలి. చొక్కా గుండీలతో ఇంకా కుస్తీయే. "ఇన్ని రోజుల్లో మామూలు పిల్లాడిని చేస్తాం" అనే ప్రకటనలు మేమూ చూశాం, ఒకచోట డబ్బూ పోగొట్టుకున్నాం. ఏ థెరపీ అయినా సమస్యను తుడిచేయదు. బిడ్డ రోజును కాస్త కాస్తగా బిడ్డ చేతికి ఇస్తుంది.

ఎప్పుడు చూపించాలి? ఎక్కడ?

అత్తయ్య మాట వినకుండా నేను పోగొట్టుకున్న నెలలు ఇంకెవరూ పోగొట్టుకోకూడదు. ఇవి కనిపిస్తే "వాళ్ళ నాన్న కూడా లేటే" అనుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి:

* నాలుగు నెలలు దాటినా పిడికిళ్ళు ఎప్పుడూ బిగించే ఉండటం
* అయిదు నెలలు నిండినా మెడ నిలపకపోవడం
* తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం
* ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒక్క చేతినే వాడటం
* ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం
* ఏడాదిన్నర దాటినా నడక గాని, మాట గాని రాకపోవడం
* ఏ వయసులోనైనా, వచ్చిన మాటో పనో మళ్ళీ పోవడం

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి ఉచితంగా పంపుతారు. మీ అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో అడగండి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటారు. 2021 జూన్‌లో దేశంలో 14 చోట్ల చిన్నపిల్లల కోసం అన్ని రకాల వైకల్యాలనూ ఒకే చోట చూసే కేంద్రాలు తెరిచారు. మనకు దగ్గర్లో సికింద్రాబాద్, నెల్లూరు వాటిలో ఉన్నాయి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది. వైకల్య గుర్తింపు కార్డు తీసుకోవడానికి సిగ్గుపడకండి. మేం ఏడాది సిగ్గుపడి నష్టపోయాం.

సెంటరుకు వెళ్తే చదువు, డిగ్రీ అడిగి తెలుసుకోండి. లోపల మిమ్మల్ని కూర్చోనిస్తారా అని అడగండి. ఇంటికిచ్చే పనులు మీ స్నానాల్లో, భోజనాల్లో కలిసిపోయేవేనా, లేక వాటికి వేరే గంట కావాలా అని అడగండి.

ఇదంతా రాసే ముందు, నిన్న సాయంత్రం వెనక వీధి అమ్మాయి ఇంటికి వెళ్ళొచ్చాను. అడ్రసూ ఇచ్చాను, ఫీజూ చెప్పాను. లేవబోతూ, "మీ ఇంట్లో పాపతో ఎక్కువ కష్టమయ్యే పని ఏదమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి చాలాసేపు నేలచూపులు చూస్తూ కూర్చుంది. తర్వాత, "తలంటు అక్కా. ఆదివారం వస్తోందంటేనే నాకు భయం. నెత్తిన నీళ్ళు పడితే పిల్ల ఊపిరి బిగబట్టి ఏడుస్తుంది. మా అత్తగారు తిడతారు, ఆయన లేచి బయటికెళ్ళిపోతారు" అంది.

"సెంటరుకు వెళ్ళినప్పుడు ముందు ఆ మాటే చెప్పు" అన్నాను. "వెళ్ళేటప్పుడు మీ అత్తగారిని కూడా తీసుకెళ్ళు."